లెక్క చూసే చేతికి ఐదు శాతం

మంచిర్యాల జిల్లా రామకృష్ణాపూర్‌లోని బొగ్గు నిర్వహణ ప్లాంటు (సీహెచ్‌పీ) దగ్గర ఒక గూడ్సు రైలు నిండిందంటే అందులో సుమారు నాలుగు వేల టన్నుల బొగ్గు ఉంటుంది. లెక్క సులువుగా తేలడానికి టన్ను ధర 3,000 రూపాయలనుకుందాం. రాయల్టీ 14 శాతం కింద టన్నుకు 420 రూపాయలు రాష్ట్ర ఖజానాకు పోతాయి. ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం, అంటే ఇంకో 126 రూపాయలు, డీఎంఎఫ్‌టీగా మనం పిలుచుకునే జిల్లా ఖనిజ నిధి ట్రస్టులో జమ కావాలి. ఒక్క గూడ్సు మీద ఇది ఐదు లక్షల నాలుగు వేల రూపాయలు. ఇందులో ఐదు శాతం దాకా, అంటే 25,200 రూపాయలు, ట్రస్టు నడిపించడానికీ పనుల మీద పర్యవేక్షణకూ వాడుకోవచ్చని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి.

బొగ్గు సొమ్ము గురించి మన బెల్టులో మాట్లాడినప్పుడల్లా ఆ ఐదు లక్షల గురించే మాట్లాడతాం. ఎన్ని కోట్లు వచ్చాయి, ఎన్ని కోట్లు మూలుగుతున్నాయి, ఏ నియోజకవర్గానికి ఎంత పోయింది అన్నవే వార్తలవుతాయి. ఆ 25,200 సంగతి ఎవరూ అడగరు. నన్నడిగితే మొదట అడగాల్సింది దాని గురించే. డబ్బు ఖర్చు కాకపోవడానికీ, అయినది దారి తప్పడానికీ మూలం ఒక్కటే: లెక్క చూసే మనిషిని పెట్టుకోకపోవడం. ఖర్చు కాని నిధులను వెనక్కి లాక్కునే చట్టాలు, నియమాలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లోపం బయటపడుతుంది.

అన్నిటికంటే పాతది బడ్జెట్ నియమం. మార్చి 31 రాత్రితో ఖర్చు కాని కేటాయింపు మురిగిపోతుంది. మిగులుతుందనుకున్న డబ్బును శాఖలు ముందే ఆర్థిక శాఖకు సరెండర్ చేయాలి. ఆఖరి నెలల్లో హడావుడిగా ఖర్చు పెట్టడం ఆర్థిక క్రమశిక్షణకు విరుద్ధమని కేంద్ర సాధారణ ఆర్థిక నియమాలు చెబుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కలెక్టరేటు మెట్లెక్కిన ప్రతి కాంట్రాక్టరుకూ ఆ మాట ఎంత దూరం అమలవుతుందో తెలుసు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. సభ ఆమోదించినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చయితే, రాజ్యాంగం 205వ అధికరణ కింద ప్రభుత్వం మళ్లీ శాసనసభ ముందుకొచ్చి దాన్ని క్రమబద్ధం చేయించుకోవాలి. తెలంగాణలో ఇలా క్రమబద్ధం చేయించుకోని అదనపు ఖర్చు ఏళ్ల తరబడి పేరుకుపోయిందని కాగ్ పదే పదే రాసింది. అదే, ఆమోదించిన డబ్బులో సగం ఖర్చు చేయకుండా వదిలేస్తే సభకు చెప్పాల్సిన పనే లేదు. తర్వాత ఎప్పుడో కాగ్ వినియోగ లెక్కల పుస్తకంలో ఒక వరుసగా కనిపిస్తుంది. ఎక్కువ ఖర్చు పెట్టడం తప్పు, ఖర్చు పెట్టకపోవడం తప్పు కాదు అన్న ఈ భావన మన ఆర్థిక చట్టాలన్నిటి కిందా ఉంది.

అమెరికాలో పద్ధతి వేరు. సభ మంజూరు చేసిన డబ్బును అధ్యక్షుడు తనంతట తాను ఆపేయకూడదని 1974లో చట్టం చేశారు. రద్దు చేయాలంటే కాంగ్రెస్‌కు ప్రతిపాదన పంపాలి, సభ్యులు ఓటు వేయాలి. 2023లో కోవిడ్ నిధుల్లో మిగిలిన సుమారు 2,800 కోట్ల డాలర్లను ఒక చట్టంతో వెనక్కి తీసుకున్నారు. 2025 జూలైలో మరో 900 కోట్ల డాలర్లు రద్దు చేశారు. ఆ నిర్ణయాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. ఎవరు లాక్కోవాలన్నారో, ఎవరు వద్దన్నారో మాత్రం పేరుపేరునా రికార్డయింది. మన దగ్గర మురిగిపోయిన నిధికి అలాంటి రికార్డు ఉండదు.

మన తెలంగాణే ఈ విషయంలో ఒక మంచి అడుగు వేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికల చట్టం వచ్చింది. ఏటా కేటాయించడం, ఏడాది చివర మురగబెట్టడం ఆగలేదు. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఒక ఏడాది ఖర్చు కాని మొత్తాన్ని, మొత్తం బడ్జెట్ ఖర్చు ఏ మేరకు జరిగిందో ఆ నిష్పత్తిలో చూసి, మరుసటి ఏడాది కేటాయింపులో కలిపి ఇవ్వాలన్నది అందులో కీలకం. నిధి ఎవరి కోసం పుట్టిందో వాళ్లకే తిరిగి చేరాలని చట్టంలోనే రాయడం చిన్న విషయం కాదు. అమలులో లోపాలు ఉండవచ్చు. సూత్రం మాత్రం సరైనది. ఇక్కడ వెనక్కి తీసుకోవడమంటే పైకి లాక్కోవడం కాదు, కిందికే మళ్లీ పంపడం.

దీనికి పూర్తిగా ఎదురు దిశలో నడిచేది కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్సార్) చట్టం. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఇక్కడ బొగ్గు తవ్వే సింగరేణి 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అయినా ఈ చట్టం ముందు అది మిగతా కంపెనీల్లాగే ఒక కంపెనీ. 2019లో సవరించిన నిబంధనలు 2021 జనవరి 22 నుంచి అమల్లోకి వచ్చాయి. నడుస్తున్న ప్రాజెక్టుకు చెందిన డబ్బు మిగిలితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేయాలి. మూడేళ్లలో ఖర్చు కాకపోతే షెడ్యూలు 7లో చెప్పిన నిధికి పంపాలి. ప్రాజెక్టేదీ లేని డబ్బయితే ఆరు నెలల్లోనే పంపాలి. షెడ్యూలు 7 నిధులంటే ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, పీఎం కేర్స్ వంటివి.

అంటే మన వాడలో మంచినీళ్ల ట్యాంకు కోసం పక్కన పెట్టిన డబ్బు, టెండరు ఖరారు కాక, స్థలం దొరక్క మూడేళ్లు నిలిచిపోతే అది ఢిల్లీకి చేరుతుంది. ఆలస్యం చేసింది ఆఫీసు, నష్టపోయింది వాడ. కంపెనీకీ అధికారికీ జరిమానా ఉంది. వాడకు పరిహారం లేదు. అదే సెక్షన్‌లో, కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా ఉంది. ఖర్చు పెట్టేటప్పుడు స్థానికత గుర్తున్న చట్టం, వెనక్కి లాక్కునేటప్పుడు దాన్ని మరిచిపోయింది. సవరించాల్సిన వాక్యం ఇది, పార్లమెంటులో ఒక్క చిన్న సవరణతో అయ్యే పని.

ఇప్పుడు అసలు విషయానికి, డీఎంఎఫ్‌టీకి వద్దాం.

2015లో గనుల చట్టానికి 9బీ సెక్షన్ చేర్చారు. గనుల వల్ల దెబ్బతిన్న మనుషుల, ప్రాంతాల మేలు కోసం ప్రతి గని జిల్లాలో లాభాపేక్ష లేని ట్రస్టు ఉండాలన్నారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో పోయిన వాటికి 10 శాతం జమ. బొగ్గుకు ఈ జమ ఎప్పటి నుంచి లెక్క అన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2015 అక్టోబరు 20, లేదా రాష్ట్రం ట్రస్టును ఏర్పాటు చేసిన రోజు, రెండింటిలో ఏది తర్వాతయితే అప్పటి నుంచి అని 2017లో కోర్టు తేల్చింది. మన దగ్గర ఇంకో చిక్కు కూడా వచ్చింది. 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ జిల్లా నాలుగయింది. ట్రస్టు కుదురుకోకముందే జిల్లా విడిపోయి రామకృష్ణాపూర్, మందమర్రి, శ్రీరాంపూర్ గనులు మంచిర్యాల జిల్లాలోకి వచ్చాయి.

ఈ నిధి బడ్జెట్‌లోంచి రాదు కనుక మార్చి 31తో మురిగిపోదు. ఇది దాని బలం. శాసనసభ దీని మీద ఓటు వేయదు కనుక అడిగే గొంతు కూడా తక్కువ. ఇది దాని బలహీనత. దేశమంతా కలిపి ఈ ట్రస్టుల్లో చేరిన సొమ్ము 2024 చివరికి లక్ష కోట్ల రూపాయలు దాటింది. ఖర్చయింది సగానికి కాస్త పైన. మిగతాది బ్యాంకుల్లో ఉంది. అంత డబ్బు కనిపిస్తే దాని మీద చూపు పడకుండా ఉంటుందా? 2020 మార్చిలో కోవిడ్ మొదలవగానే, నిల్వలో 30 శాతం దాకా కోవిడ్ పనులకు వాడుకోవచ్చని కేంద్రం అనుమతించింది. ఆపద సమయం కనుక దాన్ని అర్థం చేసుకోవచ్చు. గని ఊళ్లకు కావాల్సిన ఆసుపత్రి పరికరాలకూ దాన్ని వాడే అవకాశం ఉండింది కూడా. అయితే ఖర్చు కాని నిధి అందరిదీ అన్న అలవాటుకు అది తలుపు తెరిచింది.

2021 మార్చిలో చట్టాన్ని మళ్లీ సవరించి, ట్రస్టు కూర్పు మీదా ఖర్చు మీదా ఆదేశాలిచ్చే అధికారం కేంద్రం తీసుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎంపీలను పాలకమండలిలో చేర్చమన్నది, కలెక్టరు అధ్యక్షుడిగా ఉండాలన్నది. జూలై 12న, రాష్ట్ర స్థాయిలో ఏ ప్రభుత్వమూ ఏ సంస్థా ఈ నిధి నుంచి ఖర్చు మంజూరు చేయకూడదని ఆదేశించింది. 2024 జనవరి మార్గదర్శకాల్లో ఇంకా స్పష్టంగా రాశారు: రాష్ట్ర ఖజానాకు గానీ ముఖ్యమంత్రి సహాయ నిధికి గానీ మళ్లించరాదు. తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం వంటి ప్రాధాన్య రంగాల వాటాను 60 నుంచి 70 శాతానికి పెంచారు. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు నేరుగా ప్రభావితమైన ప్రాంతం, 25 కిలోమీటర్ల దాకా పరోక్ష ప్రభావ ప్రాంతం అన్నారు.

దీన్ని రాష్ట్రాల హక్కుల మీద దాడి అన్నవారున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. రాష్ట్రం చేతుల్లోంచి అధికారం తీసి కేంద్రం తన చేతుల్లో పెట్టుకుంది తప్ప ఊరి చేతికి ఇవ్వలేదు. కానీ నిధి పైకి పోకుండా అడ్డుకట్ట వేయడం అవసరమే. ఎందుకంటే అలా పోవడం మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో విపత్తు సహాయ నిధి నుంచి 1,100 కోట్ల రూపాయలు పర్సనల్ డిపాజిట్ (పీడీ) ఖాతాకు మళ్లిస్తే, రెండు వారాల్లో తిరిగి జమ చేయమని 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. భవన నిర్మాణ కార్మికుల సెస్సు సంగతి ఇంకా పాత కథ, వేల కోట్లు కూలీలకు చేరక ఖాతాల్లోనే ఉండిపోయాయి. అడవుల పరిహార నిధి, కాంపా, అయితే చాలా భాగం ఏళ్ల తరబడి ఢిల్లీలోనే ఉండి, 2016 చట్టం తర్వాత 2019లో గానీ రాష్ట్రాలకు రాలేదు. అప్పుడు తెలంగాణకు వచ్చింది 3,110 కోట్లు. గని కోసం ఈ బెల్టులో అడవి పోయినప్పుడల్లా కట్టిన డబ్బు కూడా ఆ మొత్తంలోదే.

మరి డీఎంఎఫ్‌టీ డబ్బు ఎందుకు మిగులుతోంది? అవసరం లేక కాదు. సింగరేణి క్వార్టర్లకు కంపెనీ నీళ్లు, కంపెనీ కరెంటు, కంపెనీ వైద్యం ఉంటాయి. ఆ వీధి దాటి బస్తీలోకి వస్తే కాంట్రాక్టు కార్మికులు, రిటైరైనవాళ్లు, కొలువు దొరకని వాళ్ల పిల్లలు, బొగ్గు దుమ్ములో దుకాణం నడుపుకునేవాళ్లు. రామకృష్ణాపూర్‌లో ఉన్న ఏరియా ఆసుపత్రి కార్మికులకూ వాళ్ల కుటుంబాలకూ ఉద్దేశించింది. అదే దుమ్ము పీల్చే మిగతావాళ్ల ఊపిరితిత్తుల పరీక్షకు డబ్బెక్కడిదంటే, సరిగ్గా అందుకే ఈ నిధి పుట్టింది. ఓపెన్‌కాస్ట్ గనుల బ్లాస్టింగుకు గోడలు బీటలు వారాయన్న ఫిర్యాదు, బోర్లలో నీళ్లు అడుగంటాయన్న ఫిర్యాదు గోదావరిఖని నుంచి మణుగూరు దాకా వినేవే. ఆ ఇళ్లు లెక్కబెట్టడం, ఆ బోర్లు కొలవడం, అయిదేళ్ల ప్రణాళికగా రాయడం, అదీ జరగాల్సిన పని.

ఆ పని చేసే మనిషి ట్రస్టులో ఉండడు. చాలా జిల్లాల్లో డీఎంఎఫ్‌టీ అంటే ఒక బ్యాంకు ఖాతా, గనుల శాఖ సహాయ సంచాలకుడి బల్ల మీద ఒక ఫైలు, ఏడాదికి కొన్ని సమావేశాలు. ప్రతిపాదనలు ప్రజాప్రతినిధుల దగ్గర్నుంచి వస్తాయి, అంచనాలు పంచాయతీరాజ్ లేక ఆర్ అండ్ బీ ఇంజనీర్లు వేస్తారు, కొలతల పుస్తకం (ఎంబీ) వాళ్లే రాస్తారు, వినియోగ ధ్రువపత్రం (యూసీ) వాళ్లే పంపుతారు. యూసీ రాకపోతే తరువాతి విడత ఆగుతుంది. అందుకే సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాలు, ప్రహరీ గోడ తేలికగా పాసవుతాయి. దుమ్ము కొలిచే యంత్రం, సిలికోసిస్ పరీక్ష, నీటి నాణ్యత పరీక్ష పాసు కావు. వాటికి ఎస్టిమేటు వేసే ఇంజనీరు లేడు.

2015 మార్గదర్శకాలే ఇందుకు కొంత కారణం. ఆదాయంలో ఐదు శాతం మించకుండా పరిపాలనకూ పర్యవేక్షణకూ ఖర్చు పెట్టుకోమన్నాయి. అదే చోట, వీలయినంత వరకు కొత్త పోస్టులు పెట్టకండి, పెడితే రాష్ట్ర ప్రభుత్వ అనుమతి తీసుకోండి అన్నాయి. డబ్బిచ్చి, మనిషిని పెట్టుకోవడానికి వెనకాడేలా చేసినట్టయింది. ఒడిశాలోని కియోంఝర్ జిల్లా ఈ ఇరుకులోనే దారి వెతుక్కుని, బయటి నిపుణులతో ఒక ప్రాజెక్టు నిర్వహణ బృందాన్ని పెట్టుకుంది. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బాలో ఇంకో ముఖం కనిపించింది. బొగ్గు జిల్లా, భారీ నిధి, పనుల కాంట్రాక్టుల్లో కమీషన్లు చేతులు మారాయన్న ఆరోపణ మీద ఈడీ కేసు. నిధి మూలిగినా, నిధి కారినా, కాపలా లేదనే అర్థం.

ఊరు కాపలా కాస్తుందని చట్టం అనుకుంది. గ్రామసభ ఆమోదం, షెడ్యూల్డు ప్రాంతాల్లో పెసా చట్టం పాటించడం మార్గదర్శకాల్లో ఉన్నాయి. కానీ బొగ్గు బెల్టులో జనం ఎక్కువగా ఉండేది పట్టణాల్లో. రామకృష్ణాపూర్ క్యాతనపల్లి మున్సిపాలిటీలో ఉంది, మున్సిపాలిటీలో గ్రామసభ ఉండదు. పక్కనే మందమర్రిలో అంతకంటే ఘోరం. షెడ్యూల్డు ప్రాంత వివాదం వల్ల అక్కడ దశాబ్దాలుగా మున్సిపల్ ఎన్నికలే లేవు. మణుగూరుదీ అదే స్థితి. షెడ్యూల్డు ప్రాంతాల పట్టణాలకు మున్సిపాలిటీ వ్యవస్థను విస్తరించే బిల్లు 2001లో పార్లమెంటులో పెట్టారు, చట్టం కాలేదు. అంటే గని పక్కన పట్టణంలో ఉన్నవాడికి గ్రామసభ లేదు, కొన్ని చోట్ల కౌన్సిలరు కూడా లేడు. ట్రస్టు పాలకమండలిలో అతని తరఫున మాట్లాడేదెవరు?

మన దగ్గరే ఒక నమూనా ఉంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో ప్రత్యేక సొసైటీ పెట్టింది. పని చేయించే శాఖకు దూరంగా, కూలీల కుటుంబాల నుంచే యువతను తీసుకుని, వాళ్లకు తర్ఫీదు ఇచ్చి, ఇంటింటికీ తిప్పి మస్టర్లు సరిచూపించి, మండల కేంద్రంలో ప్రజావేదిక మీద చదివించారు. దేశంలో మిగతా రాష్ట్రాలు నేర్చుకోవడానికి వచ్చాయి. దాని ఖర్చు పథకం వ్యయంలో 0.5 శాతం. తేలిన అక్రమాలకు తగ్గట్టు రికవరీ జరగలేదన్నది నిజమే. కానీ ఒక మస్టరులో చనిపోయినవాడి పేరుంటే, ఆ పేరు అందరి ముందు చదివే ఏర్పాటు అప్పటిదాకా లేదు. ఉపాధి హామీ కూలీకి దక్కిన ఆ ఏర్పాటు గని ఊరికి దక్కలేదు. ఇవాళ మన వాడల్లో శిలాఫలకం మీద అంచనా విలువ ఉంటుంది. తుది బిల్లు ఎంత, ఎంబీలో ఎన్ని మీటర్లు రాశారు, యూసీ ఏ తేదీన పోయింది అన్నవి ఉండవు.

పర్యవేక్షణ డబ్బుకు ఉన్న చిక్కు ఇది: అందరికంటే ముందు కోత పడేది దాని మీదే. సీఎస్సార్ నిబంధనల్లో పరిపాలన ఖర్చుకు ఐదు శాతం హద్దు, ప్రభావ అంచనాకు రెండు శాతం లేదా 50 లక్షలు అనే హద్దు. ఇంతకు మించకూడదనే ప్రతిచోటా ఉంది, ఇంతకు తగ్గకూడదని ఎక్కడా లేదు. ఖర్చు పెట్టకపోతే పొదుపని మెచ్చుకుంటారు. లక్షల రోడ్డు కాగితం మీదే మిగిలితే వార్త, లెక్క చూసేవాడి జీతం మిగిలితే ఆదా. మిగిలిన సొమ్మును వెనక్కి తీసుకునే చట్టం ఏదైనా వస్తే, ముందుగా తుడిచిపెట్టుకుపోయేది ఈ వాటానే.

వెనక్కి తీసుకోవడం అసలు వద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వస్తుంది కదా అన్న వాదన గని ఊరికి పనికిరాదు. 2016లో వేయాల్సిన తాగునీటి పైపులైను 2026లో వేస్తే, మధ్యలో పెరిగిన పిల్లలు తాగింది ఏ నీళ్లు? గడువు కావాలి. గడువు దాటితే నిర్ణయాధికారం చేతులు మారాలి. కానీ మారాల్సింది పైకి కాదు. మంచిర్యాల ట్రస్టులో రెండేళ్లు కదలని మంజూరును రద్దు చేస్తే, ఆ సొమ్ము అదే 15 కిలోమీటర్ల లోపలి వార్డుకో గ్రామానికో, వార్డు సభ తీర్మానం మీద, మరో పనికి వెళ్లాలి. తెలంగాణ 2017 చట్టంలోని సూత్రాన్ని, అంటే నిధి పుట్టిన కారణానికే నిధిని తిప్పి పంపడాన్ని, డీఎంఎఫ్‌టీ నియమాల్లో రాయడానికి రాష్ట్ర ప్రభుత్వానికి అడ్డేమీ లేదు. కేంద్ర ఆదేశాలకు లోబడి 9బీ సెక్షన్ కింద నియమాలు చేసేది రాష్ట్రమే.

అదే నియమాల్లో పర్యవేక్షణ వాటాకు కనీస హద్దు పెట్టాలి. ఆదాయంలో కనీసం రెండు శాతం సామాజిక తనిఖీకి, అది పని చేయించే శాఖల చేతికి కాకుండా వేరే ఖాతాకు, ఏటా తప్పకుండా ఖర్చు చేయాల్సిన డబ్బుగా. అది మిగిలితే ట్రస్టు ఆ ఏడాది కొత్త పనులు మంజూరు చేయకూడదు. వార్షిక నివేదికను శాసనసభ ముందు ఉంచాలని మార్గదర్శకాల్లో ఎలాగూ ఉంది, ఆ నివేదికలో ఖర్చు కాని ప్రతి మంజూరుకూ కారణం రాయాలి. ఆగింది ఏ శాఖ దగ్గరో పేరు రాయాలి.

తొందర ఎందుకంటే, గని ఎల్లకాలం ఉండదు. బెల్లంపల్లిని చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు బావుల సైరన్లతో నడిచిన పట్టణంలో గనులు మూతపడ్డాయి, ఏరియా కార్యాలయం గోలేటికి పోయింది, బజారు పలచబడింది. డీఎంఎఫ్‌టీ అప్పటికి లేదు. 2024 మార్గదర్శకాల్లో ఇందుకోసం ఒక ఏర్పాటు చేశారు. ఏటా పది కోట్లకు పైగా వచ్చే జిల్లాలు అందులో పది శాతం దాకా స్థిర నిధిగా దాచి, గనులు మూతపడిన తర్వాత జీవనోపాధికి వాడాలన్నారు. మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, కొత్తగూడెం జిల్లాలకు దీనికంటే ముఖ్యమైన పద్దు ఇంకొకటి లేదు. ఈ స్థిర నిధిలో ఎంత వేశారు, ఏ బ్యాంకులో వేశారు, ఎవరి సంతకంతో తీయవచ్చు అన్న మూడు ప్రశ్నలకు రాతపూర్వక జవాబు పాలకమండలి తదుపరి సమావేశం మినిట్స్‌లో ఉండాలి. ఆ మినిట్స్ కలెక్టరేటు వెబ్‌సైటులోనూ, క్యాతనపల్లి మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీదా తెలుగులో పెట్టాలి.